మంద్రస్వరము మాటాడిన వేళ



“చచ్చినవాని కన్నులు చారెడు” అని మనలో నొక సామెత గలదు. బ్రదికియున్నంత కాలము ఎవ్వరును పట్టించుకొనని కన్నులే, ఆ మనుష్యుడు కాలధర్మము నొందిన పిమ్మట చారెడేసి విశాలములై కానవచ్చునని దాని భావము. గతించినవారిని గూర్చి మాటాడునప్పుడు మనము నిజమును పలుకుచున్నామా, లేక దుఃఖమును పలుకుచున్నామా యను సందేహమును ఆ సామెత మన యెదుట నిలుపుచున్నది. నేటి ప్రసంగమున ఈ సందేహమునే ఒక పరదేశపు వాద్యకారుని చరిత్రమునకు అన్వయించి విచారింపదలచితిని.

అతని పేరు క్లిఫ్ బర్టన్. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1962లో పుట్టి, 1986లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున మరణించెను. మెటాలికా యను మేళమున అతడు వాయించిన కాలము నిండ నాలుగేండ్లయినను లేదు. ఆ మేళముతో అతడు వెలువరించిన రికార్డులు మూడే. అట్లయ్యును అతని అభిమానులు నేటికిని అతనిని తలంచుచునే యున్నారు. తలంచునప్పుడెల్ల రెండు పక్షములై వాదులాడుచునే యున్నారు. అతడు నిజముగా మహావాద్యకారుడా? లేక అకాలమృత్యువు అతనిని మహావాద్యకారునిగా జేసినదా? ఇదియే వారి వాదము.

అతడు వాయించిన సంగీతమును మనలో పెక్కండ్రు విని యుండరు. కావున ముందుగా దానిని గూర్చి కొంత చెప్పవలసి యున్నది. దానికి హెవీ మెటల్ అని పేరు. మెటల్ అనగా లోహము. ఈ సంగీతము ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున రూపుగొనెనని పలువురు చెప్పుదురు. అది కర్మాగారముల నగరము. అచ్చటి బ్లాక్ సబ్బత్ అను మేళమువారి తొలి రికార్డు 1970లో వెలువడెను. ఆ మేళమున గిటారు వాయించు టోనీ అయోమీ పదునేడేండ్ల వయస్సున ఇనుపరేకుల కర్మాగారమున పనిచేయుచు యంత్రమున జిక్కి రెండు వ్రేళ్ళ కొనలను పోగొట్టుకొనెను. ఆ వ్రేళ్ళకు తానే తొడుగులు చేసికొని, నొప్పి తగ్గుటకై పలుచని తంత్రులను గట్టి, పిమ్మట వాని బిగువును సడలించి వాయించెను. ఆ సడలిన తంత్రులనుండి వెలువడిన బరువైన నాదమే ఈ సంగీతమునకు ఒక ముఖ్యలక్షణ మయ్యెను.

విద్యుత్ గిటారులో తంత్రుల క్రింద అయస్కాంతములును రాగితీగ చుట్టలును ఉండును. తంత్రి కంపించినప్పుడు ఆ చుట్టలలో విద్యుత్తు పుట్టును. దానిని యంత్రముచే పెంచి శబ్దముగా మార్తురు. యంత్రము భరింపగల మితిని దాటించినచో నాదము చిట్లి గరగరలాడును. మనకది దోషముగా దోచును గాని, మెటల్ వాద్యకారులు ఆ గరగరనే కోరి తెచ్చుకొందురు.

క్లిఫ్ బర్టన్ వాయించినది సాధారణపు గిటారు కాదు, బేస్ గిటారు. దీనికి నాలుగు తంత్రులు. గిటారు కంటె ఒక స్థాయి క్రింద పలుకును. లియో ఫెండర్ అను కాలిఫోర్నియావాసి 1951లో అమ్మకమునకు తెచ్చిన వాద్యముతో ఇది లోకమున వ్యాపించెను. దీని మంద్రతంత్రి క్షణమునకు సుమారు 41 మారులు మాత్రమే కంపించును. ఆ నాదము చెవికంటె ముందు ఱొమ్మునకు తెలియునని విన్నవారు చెప్పుదురు. మేళములో దీని పని తాళవాద్యమునకును గిటారునకును నడుమ వంతెనయై నిలుచుట. మన కచేరీలలోని తంబురాను తలంచుకొనుడు. వాద్యధర్మములు వేఱయినను సభలో రెంటి గతియు నొకటియే. మ్రోగుచున్నంతసేపు సభలో సగముమందికి అది యున్నదనియే తోచదు. ఆగినప్పుడు ఏదో వెలితి పడినట్లుండును. మెటల్ మేళములలో బేస్ వాయించువాడు సామాన్యముగా గిటారు పలికిన పలుకునే క్రింది స్థాయిలో అనుసరించిపోవును. పేరు గిటారువానిది; భారము బేస్‌వానిది.

అట్టి వాద్యమును చేపట్టినవానిని గూర్చి ఇంత వాదము పుట్టుటయే వింత. ఆ వింతకు కారణము అతని జీవితమున గలదు.

క్లిఫ్ బర్టన్ 1962 ఫిబ్రవరి 10వ తేదీన పుట్టి, కాస్ట్రో వ్యాలీ యను పట్టణమున పెరిగెను. తండ్రి రే బర్టన్ వలన బాల్యముననే పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము చెవినబడెను. పియానో పాఠములును జరిగెను. 1975లో అతని యన్న స్కాట్ మెదడులోని రక్తనాళ మొకటి చెడి, పదునాఱేండ్ల వయస్సున మరణించెను. అప్పటికి క్లిఫ్‌నకు పదుమూడేండ్లు. అన్న పేర తాను శ్రేష్ఠుడైన బేస్ వాద్యకారుడను కావలయునని అతడు పట్టుబట్టెనని తలిదండ్రులు చెప్పిరి. నాటినుండి దినమునకు నాలుగు మొదలు ఆఱు గంటల సాధన. మేళమున జేరి పేరు పొందిన పిదపను ఆ నియమమును అతడు విడువలేదు. బాఖ్ మహాశయుని కృతులను అతడు శ్రద్ధతో నభ్యసించెను. పదునెనిమిదవ శతాబ్దమునాటి ఆ జర్మను వాగ్గేయకారుని కృతులలో రెండు మూడు స్వరమార్గములు ఒకదాని నొకటి తాకుచు, తప్పుకొనుచు, కలిసి నడచుచుండును. ఈ విద్య అతని కెట్లు ఉపకరించెనో ముందు చెప్పెదను.

కుమారుడు సంగీతమే వృత్తిగా గొందునని చెప్పగా తలిదండ్రులు కాదనలేదు. నాలుగేండ్లపాటు ఇంటి కూలియు భోజనమును తాము చూతుమనియు, అప్పటికిని నిలువద్రొక్కుకొన లేనిచో వేఱొక ఉద్యోగము వెదకుకొనవలయుననియు ఒడంబడిక చేసికొనిరి. గడువును గలదు, నమ్మకమును గలదు. బిడ్డ చదువు విషయమున మన పెద్దలు చేయు ఏర్పాటునకు ఇది యంత దూరమైనది కాదు.

హేవార్డు పట్టణమందలి చాబో కళాశాలలో అతడు చదివెను. 1981లో మిత్రులతో గలిసి ఒక పోటీలో వాయించినప్పటి చలనచిత్రము నేటికిని నిలిచియున్నది. తరువాత మెటాలికా రికార్డులలో ప్రసిద్ధములైన కొన్ని స్వరఖండములు అందు అప్పటికే వినవచ్చుచున్నవి. ఈ సంగతి మన వాదమునకు ముఖ్యము. మేళము అతనికి సంగీతము నిచ్చుటకు ముందే అతడు సంగీతమును మేళమునకు తెచ్చుటకు సిద్ధముగా నుండెనని దీనివలన తెలియుచున్నది.

1982లో అతడు ట్రామా యను మేళముతో లాస్ ఏంజలీస్ నగరమున వాయించుచుండగా, మెటాలికాకు చెందిన జేమ్స్ హెట్‌ఫీల్డ్, లార్స్ ఉల్రిక్ అను ఇద్దరు యువకులు వినవచ్చిరి. ఎవరో గిటారుపై అద్భుతముగా వాయించుచున్నారని తలంచి వేదికపై ఆ గిటారువానికొఱకు వెదకిరట. ఆ నాదము గిటారుది కాదు. కేశములు విరబోసికొని తల యూపుచున్న బేస్ వాద్యకారునిది. వారతనిని తమతో చేరుమని కోరిరి. మీరు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమునకు వత్తురేని చేరుదునని అతడు చెప్పెను. క్రొత్తవాడు వచ్చి చేరుటకు మాఱుగా మేళమంతయు సుమారు 400 మైళ్ళు తరలి అతనియొద్దకు వచ్చెను. 1983 మార్చి 5వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో అతడు వారితో తొలిసారి సభలో వాయించెను.

ఆ యేడే వెలువడిన మొదటి రికార్డులో “ఎనస్థీషియా” అను ఖండము కలదు. గిటారు లేదు, గాత్రము లేదు. ఆరంభమున బేస్ గిటారొక్కటియే, కొంతసేపటికి తాళవాద్యము తోడగును. 1984లో వచ్చిన రెండవ రికార్డులోని యెనిమిది పాటలలో ఆఱింటి రచనలో అతని పేరు చేరియున్నది. అందు “ఫర్ హూమ్ ది బెల్ టోల్స్” అను పాట మొదట వినవచ్చు స్వరధార గిటారుదని పెక్కండ్రు భ్రమపడుదురు. అది అతని బేస్. పాదముతో నొక్కు వావా యను ఉపకరణముచే నాదము నోరు తెఱచి మూసినట్లు మాఱుచుండును. ఆ వాద్యమును నఖముతోగాక వ్రేళ్ళతోనే వాయించుట అతని పద్ధతి.

1986 మార్చిలో మూడవ రికార్డు “మాస్టర్ ఆఫ్ పపెట్స్” వెలువడెను. అమెరికా ప్రభుత్వపు గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు, జాతి భద్రపఱచుకొనదగిన ధ్వనిముద్రణముల పట్టికలో దీనిని 2016లో చేర్చెను. ఆ గౌరవము పొందిన తొలి మెటల్ రికార్డు ఇదియే. అందు “ఒరాయన్” అను వాద్యఖండము గలదు. మన మృగశిర, ఆర్ద్ర నక్షత్రములు గల మండలమునకు పాశ్చాత్యు లిడిన పేరది. ఎనిమిది నిమిషములకు మించిన ఆ ఖండమున నడుమ గర్జన యంతయు ఆగి, బేస్ ఒక్కటియే మెల్లగా నడకను ఆరంభించును. గిటారులు ఒక్కటొక్కటిగా వచ్చి దానిపై అల్లుకొనును. బాఖ్ కృతులను సాధన చేసిన చేయి ఇచ్చట తెలియుచున్నది. శ్రుతిసమ్మేళన శాస్త్రమును తమలో క్లిఫ్ ఎఱుగునట్లు మఱెవ్వరును ఎఱుగరనియు, జంటస్వరములను గూర్చుట తాము అతనివలన నేర్చితిమనియు సహచరులే చెప్పియున్నారు.

ఆ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీ రాత్రి స్టాక్‌హోమ్ చెంత సోల్నాలో కచేరి చేసి, మేళమువారు బస్సులో డెన్మార్కునకు బయలుదేరిరి. మంచి పడక యెవరిదని చీట్లపేక ముక్కలు తీయగా క్లిఫ్‌నకు ఇస్పేటు ఆసు వచ్చెననియు, తన పడకనే అతడు కోరి తీసికొనెననియు గిటారు వాద్యకారుడు కర్క్ హామెట్ చెప్పెను. 27వ తేదీ తెల్లవాఱుజామున దక్షిణ స్వీడనులోని డోరార్ప్ అను పల్లెచెంత బస్సు దారితప్పి తలక్రిందయ్యెను. కిటికీనుండి బయటపడిన క్లిఫ్‌పై బస్సు పడి అతడు మరణించెను. దారిపై మంచుగడ్డ యుండుటచే చక్రములు జాఱెనని డ్రైవరు చెప్పెను. హెట్‌ఫీల్డ్ ఆ చలిలో దారివెంట నడచుచు మంచుకొఱకు వెదకెను, అతనికి కానరాలేదు. డ్రైవరుపై నేరము స్థాపింపబడలేదు. అంత్యక్రియలలో “ఒరాయన్” వినిపించిరి. 2006లో ఆ దారిచెంత ఒక స్మారకశిల వెలసెను. దేశదేశములనుండి వచ్చువారు అచ్చట పుష్పములుంచి పోవుచుందురు.

ఇక వాదమునకు వత్తము.

ఒక పక్షమువా రిట్లందురు: “మూడు రికార్డులతో ఎవనినైనను మహావాద్యకారు డనదగునా? ఆ రికార్డులలో పెక్కు పాటలందు గిటారుల హోరులో బేస్ విడిగా వినబడనే వినబడదు. వేగమునను శుద్ధతయందును అతనిని మించినవారు అతని కాలముననే యుండిరి. ఐరన్ మెయిడన్ మేళపు స్టీవ్ హారిస్ లేడా? రష్ మేళపు గెడ్డీ లీ లేడా? సభలలో అతడు ఉత్సాహమున తొందరపడి తడబడిన ఘట్టములును గలవు. ఇరువదినాలుగేండ్లకు మరణించెను గనుక, ముసలితనమున చేయవలసిన తప్పులను చేయలేదు, అంతే.”

రెండవ పక్షమువారు: “వేగమును లెక్కించుటకు గడియారము చాలును, సంగీతమును లెక్కించుటకు చాలదు. అనుసరించుటకే పుట్టినదని తలంచిన వాద్యముచే అతడు మాటాడించెను. పాటకు రూపమును కల్పించెను” అందురు. కాని వీరిలో కొందఱు మఱియొక యడుగు ముందునకు వేసి, “అతడు బ్రదికియున్నచో మెటాలికా 1991 తరువాత సులభమైన పాటలవైపు మరలియుండదు” అందురు.

ఈ కడపటి మాటను నేనొప్పుకొనలేను. జరుగని దానిని సాక్ష్యముగా దెచ్చుట ధర్మము కాదు. గతించినవాడు మాఱడు, మనము కోరిన యభిప్రాయమును అతని నోట పెట్టవచ్చును, కాదనుటకు అతడు లేడు. చారెడు కన్నుల సామెత తగులునది ఇట్టి మాటలకే. మొదటి పక్షమువారి లెక్కలలోను సత్యము గలదు. బేస్ వినబడని పాటలు గలవు. అతనికంటె శుద్ధముగా వాయించినవారు గలరు. కాని వారు దేనిని తూచుచున్నారో చూడుడు. వ్రేళ్ళను తూచుచున్నారు. సహవాద్యకారుని తూచుటకు వేఱొక త్రాసు గలదు. అతడు చేరుటకు ముందు మేళ మెట్లుండెను? చేరిన తరువాత నెట్లయ్యెను? 1983 నాటి మొదటి రికార్డునందలి కేవలవేగమునకును, 1986 నాటి మూడవ రికార్డునందలి నిర్మాణమునకును నడుమ గల దూరము చెవికి స్పష్టము. ఆ దూరమంతయు అతడొక్కడే నడిపించెననుట అతిశయోక్తి. అతడు లేక నడచెననుట అసత్యము.

ఈ వాదము వినోదమే యయినచో నేనింత చెప్పియుండను. దీనివలన జీవించియున్న మఱియొకనికి అన్యాయము జరిగెను. క్లిఫ్ మరణించిన కొన్ని వారములకే జేసన్ న్యూస్టెడ్ అను యువకుని అతని స్థానమున తెచ్చిరి. ఇతడు క్లిఫ్‌ను ఆరాధించినవాడు. 1986 నవంబరు 8వ తేదీన ఇతడు వారితో తొలిసారి వాయించెను. దుఃఖము చల్లారకమునుపే ప్రయాణము మఱల సాగెను. ఆ చల్లారని దుఃఖము క్రొత్తవానిపై పరిహాసములుగను చిన్నచూపుగను పడెను. 1988లో నాలుగవ రికార్డు వెలువడగా అందు బేస్ నాదము దాదాపుగా వినబడదు. నాదములను తూచి కలిపిన స్టీవ్ థాంప్సన్, మేళములోనివారు చెప్పినందుననే బేస్‌ను తగ్గింపవలసి వచ్చెనని పిమ్మట బయలుపఱచెను. దీనికి కారణములు పలువురు పలువిధముల చెప్పుదురు. కాని ఫలము మాత్ర మొకటి. వాయించినవాని వాయింపు వినబడలేదు. అభిమానులేమో “క్లిఫ్ ఉన్నచో ఇట్లుండునా” అనిరి. వినబడనివానిని వినబడిన వానితో పోల్చి తీర్పు చెప్పిరి! మనలోను పోయిన కోడలిని పొగడి పొగడి ఇంటనున్న కోడలిని ఏడిపించు గృహములు లేకపోలేదు. పోయినదాని గుణము లన్నియు నిజమే కావచ్చును; ఉన్నదాని కన్నీరును నిజమే.

న్యూస్టెడ్ 2001లో ఆ మేళమును విడిచెను. కాలక్రమమున అభిమానులలోనే కొందఱు ఆ నాలుగవ రికార్డును తీసికొని, బేస్ నాదమును తామే హెచ్చించి వినిపించిరి. అప్పుడు తెలిసినది, అతడును గట్టివాడని. న్యాయము ఆలస్యముగానైనను వచ్చెను. కాని పోయిన యేండ్లు మరల రావు గదా!

ఇట్లు విచారించినచో నా తీర్పిది. క్లిఫ్ బర్టన్ తన వాద్యమున అందఱికంటె మేటి యనుటకు మూడు రికార్డులు చాలవు; కాని అతడు మృత్యువుచే పెద్దవాడైనవాడు కాడనుటకు చాలును. అతని కన్నులు బ్రదికియున్నప్పుడే విశాలములు. దీనికి ఒక నిదర్శనము చెప్పెదను. 2019 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీ వాద్యబృందముతో మెటాలికా కచేరి చేసినప్పుడు, ఆ బృందమందలి ప్రధాన బేస్ వాద్యకారుడు స్కాట్ పింజెల్ నిలువు బేస్‌పై “ఎనస్థీషియా”ను వాయించెను. శాస్త్రీయశిక్షణ పొందిన పండితుడు, వేఱు వాద్యముపై, ముప్పదియాఱేండ్ల తరువాత! సభ ఉప్పొంగెను. వాయించినవాడు పోయినను నిలిచిన స్వరమునకు సంతాపముతో పనిలేదు. తన బలముచేతనే నిలిచినది.

2009 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండు నగరమున రాక్ అండ్ రోల్ సంగీతజ్ఞుల గౌరవపీఠమున మెటాలికాను చేర్చినప్పుడు క్లిఫ్ పక్షమున అతని తండ్రి రే బర్టన్ వేదిక యెక్కెను. అప్పటికాయనకు ఎనుబదియేండ్లు దాటెను. అదే రాత్రి న్యూస్టెడ్‌ను కూడ ఆ గౌరవమునకు పాత్రుని జేసిరి; అతడు ఆ వేదికపై మరల వారితో బేస్ వాయించెను. పోయినవానికి చేయు గౌరవమునకును ఉన్నవానికి చేయు న్యాయమునకును విరోధము లేదని ఆ వేదిక చాటినది. ఇరువురు కుమారులను పోగొట్టుకొన్న ఆ తండ్రి, క్లిఫ్ పాటలవలన వచ్చు ధనమును వాడు చదివిన పాఠశాలలో సంగీతము నేర్చు పిల్లల విద్యార్థివేతనమునకై యిచ్చి, 2020లో తొంబదినాలుగవ యేట కన్నుమూసెను. కుమారుని మించినవారు లేరని ఆయన వాదింపలేదు. మఱికొందఱు పిల్లల చేతులలో వాద్యముల నుంచెను. చనిపోయినవారిని తలంచుకొనుటలో ఇంతకంటె మంచి త్రోవ నాకు తోచుట లేదు.